గవాచి మీద గోనెపట్ట

పడ్డ పిల్లాడు ఏడిస్తే నాకు ధైర్యం. మా వీధిలో ఏ బిడ్డ పడినా, తల్లి పరుగెత్తేలోపే నేను చెవి రిక్కిస్తాను. గుక్కపట్టి ఏడిచిందా, సరే, నా పని నేను చూసుకుంటాను. ఏడుపు వినబడలేదంటే మాత్రం ఈ వయసులో కూడా మోకాళ్ళ నొప్పి మరిచిపోయి లేచి ఉరుకుతాను. మనవరాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. పడి ఏడవని బిడ్డను చూసినదాన్ని నేను.

అరవైల మొదటి ఏళ్ళ మాట. అప్పటికి నాకు ఇరవై నిండలేదు, ఒళ్ళో పదకొండు నెలల కొడుకు. వజ్రకరూరు వైపు మెట్ట పల్లె మాది. వాన పడితే శెనక్కాయ, పడకపోతే పస్తు. ఇల్లు మట్టిమిద్దె. రాతి గోడలు, పైన దూలాలు, వాటి మీద కంప పరిచి చౌడు మట్టి పోసి అణగగొట్టిన కప్పు. కిటికీలన్న మాటే లేదు. వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ కప్పు మధ్యలో చాటంత బొక్క ఒకటి వదిలేవాళ్ళు. దాన్ని గవాచి అంటాం. వానొస్తే మిద్దెక్కి మూస్తాం, వెలిస్తే తీస్తాం. ఊళ్ళో అందరూ గవాచి మీద పాత కుండో రేకు ముక్కో బోర్లించేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం బండ. రెండు చేతులా పట్టి, కాలు తన్నిపెట్టి తోస్తే తప్ప కదలని నల్లబండ. మా అత్త ఎప్పుడో పెట్టించిందట. కాపురానికి వచ్చిన నాటి నుంచీ నేను ఆ బండను తిట్టుకుంటూనే ఉన్నాను, దాంతోపాటు ఆమెను కూడా.

అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. ఆ యోగం నాకు లేదు. మా అత్త గట్టిగా అరిచే మనిషి కాదు, కొట్టే మనిషి కాదు. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పదు, అంతే. చెప్పింది చేయకపోతే తనే లేచి చేసేస్తుంది. దానికంటే నాలుగు తిట్లు తినడం నయం. అలాంటి మనిషి ఒక్క గవాచి సంగతి మాత్రం పది సార్లు చెప్పింది.

“గవాచి మింద బండ తప్ప ఇంగేం పెట్టద్దు మ్మే. సాపలు పరచద్దు, గోనెలు పరచద్దు. తీస్తే తీసి పెట్టు, మూస్తే బండతో మూయి.”

ముసలిదాని చాదస్తం అనుకున్నాను. ముసలిది అంటున్నాను గానీ ఆమెకు అప్పటికి యాభై కూడా లేవేమో. నా భర్తకంటే ముందు ఆమెకు ఒక కొడుకు పుట్టి, ఏడాది నిండక ముందే గాలి సోకి పోయాడని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమె ఆ బిడ్డ మాట ఎత్తేది కాదు.

ఆ ముందు రెండేళ్ళూ విత్తనం మట్టిలో పోసి మట్టే ఎత్తుకున్నాం. మూడో ఏడు ఆరుద్ర కార్తెలో, పొద్దు గుంకే వేళ, మబ్బు లేచి దంచికొట్టింది. నాన్నా, అదేం వాన! మా ఆయన వీధిలో నిలబడి తడుస్తూ నవ్వాడు. ఆ మనిషి నవ్వగా చూడటం నాకు అదే మొదలు. మా నేలల్లో వాన పడ్డమే కాదు, ఆ తడి ఆరకముందే గింజ లోపలికి పోవాలి. దాన్ని పదును అంటాం. ఎర్రనేల, గాలి విసిరితే ఒక్క రోజు, మహా అయితే రెండు రోజులు. పదును పోయిందంటే మళ్ళీ వాన కోసం ఆకాశం చూడటమే.

తెల్లవారకముందే మా ఆయనా అత్తా గొర్రు కట్టుకుని చేనికి పోయారు. ఉన్నది ఒకే జత ఎద్దులు. గొర్రు వెనక నడుస్తూ విత్తనం వదలడంలో మా అత్త చేతికి పేరుంది. ఆమె పోసిన సాలు చూస్తే, మొలకలు లెక్కపెట్టి నాటినట్టు వచ్చేవి. నాకు అప్పజెప్పిన పని చిన్నది. రాత్రి మిద్దె కారి ఒక గోతం విత్తనం కాయలు తడిసినాయి. వాటిని మిద్దె మీద ఎండకు పోసి, ఆరినాక వలిచి ఉంచాలి. మధ్యాహ్నానికి ఆమె వచ్చి తీసుకుపోతుంది.

బిడ్డను చంకన వేసుకుని నిచ్చెనెక్కాను. కాయలు గంపలతో పైకి చేరవేశాను. మంచం నిలబెట్టి దాని నీడలో గుడ్డ పరిచి వాణ్ణి పడుకోబెట్టాను. గాలి బాగా ఉంది. రెండు గంటల్లో సగం కాయలు గలగలమన్నాయి. మా పద్ధతి ఏమిటంటే, పైన ఎండిన కాయలు నిచ్చెన మీదుగా దించం. గవాచి తీసి అందులోంచి గది మధ్యలోకి పోసేస్తాం. నడుముకు పని తప్పుతుంది. బండ తోయడానికి పళ్ళు బిగబట్టాల్సి వచ్చింది. తోసి, ఎండిన సగం పోశాను. మిగతా సగానికి ఇంకొక అర్ధగంట ఎండ కావాలి.

ఇంతలో రెండు ఉడతలు గవాచి అంచున చేరాయి. లోపల కుప్ప మీదికి దూకుతాయని భయం. బండ మళ్ళీ మూయాలి, అర్ధగంటకు మళ్ళీ తీయాలి. నా ఒళ్ళు మొరాయించింది. ఖాళీ గోనెపట్ట గవాచి మీద పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాను. అర్ధగంటే కదా అనుకున్నాను. ఆ మాట అనుకున్నానని ఒట్టేసి చెప్పగలను, ఎందుకంటే ఆ తర్వాత కొన్ని వేల సార్లు దాన్ని గుర్తు తెచ్చుకున్నాను.

వాడు ఎప్పుడు లేచాడో తెలియదు. నేను అటు తిరిగి కాయలు తిరగబోస్తున్నాను. కాలి గజ్జె చప్పుడు విని తల తిప్పాను. పాకుతూ పోతున్నాడు. గోనెపట్ట మీద రెండు కాయలు పడి ఉన్నాయి, వాటి కోసం. నాకూ వాడికీ మధ్య నాలుగు అడుగులు. నేను అరిచానో లేదో. వాడు నా వైపు చూసి నవ్వి, చెయ్యి గోనె మీద పెట్టాడు.

గోనె లేదు. వాడు లేడు. రాళ్ళు కింద కాయల మీద పడ్డ చప్పుడు ముందు వినబడింది. తర్వాత ఇంకో చప్పుడు. దాన్ని గురించి నేను రాయను.

నిచ్చెన దిగానో దూకానో తెలియదు. సగం ఒళ్ళు కాయల కుప్ప మీద, తల మాత్రం కుప్ప అంచు దాటి నేల బండ మీద. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఏడవడం లేదు. ఎత్తుకున్నాను. తడి గుడ్డ ఎత్తినట్టుంది. “ఏడువు నాయనా, ఏడువు” అని వీపు తట్టాను, బుగ్గ గిల్లాను, చివరికి కోపమొచ్చి కసిరాను కూడా. ఎంతసేపో తర్వాత వాడి పెదవి వంకర తిరిగి, సన్నగా, పిల్లికూనలాగా ఏడ్చాడు. నేను నేల మీద చతికిలబడి వాడికంటే గట్టిగా ఏడ్చాను.

పాలిచ్చాను. తాగాడు. హమ్మయ్య అనుకునేలోపు తాగినవన్నీ కక్కేశాడు. ఎడమ చెవి పైన బొప్పి లేచింది. వేలు పెడితే మెత్తగా, పండిన వంకాయలాగా దిగింది. చెవిలోంచి సన్నటి రక్తపు చార ఒకటి వచ్చింటే కొంగు తడిపి తుడిచేశాను. ఎందుకు తుడిచానో మీకు చెప్పనవసరం లేదు. మళ్ళీ కక్కాడు. నిద్రలోకి జారిపోయాడు.

అప్పుడు నేను ఏం చేయాలి? చేనికి పరుగెత్తాలి. వీధిలోకి పోయి కేకలేయాలి. నేను గోనెపట్ట మడిచి గోతాల వెనక దాచాను. నాలుగు రాళ్ళూ పెరట్లోకి విసిరేశాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, చెప్పాల్సిన మాట తయారు చేసుకుంటూ కూర్చున్నాను. గవాచి సంగతి పది సార్లు చెప్పిన మనిషికి, ఆ గవాచిలోంచే పడ్డాడని ఏ నోటితో చెప్పను? మా ఆయన చేతి దెబ్బ కూడా నాకు తెలుసు. చూడబోతే భయం బిడ్డ గురించి సగమే, నా గురించి సగం. ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మధ్యాహ్నం కాకముందే అత్త వచ్చింది, విత్తనానికి. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి.

“ఏమయింది మ్మే? వాడు ఈ పొద్దప్పుడు పండుకోడే.”

“పడినాడత్తా. గడప దాటబోయి బైట మెట్టుబండ మింద పడినాడు.”

మా గడప బయట ఒక మెట్టుబండ ఉండేది. ఊళ్ళో ప్రతి పిల్లా పడే చోటే. మంచి అబద్ధం దొరికిందనుకున్నాను. ఆమె గడప వైపు చూడలేదు. ఒకసారి తలెత్తి పైకి చూసింది. నేను పొద్దెంత ఎక్కిందో చూస్తోందనుకున్నాను. గది మధ్యలో, కాయల కుప్ప మీద, నిట్టనిలువుగా ఎండ పడుతోంది. గవాచి బార్లా తెరిచే ఉంది. గోనె దాచాను, రాళ్ళు దాచాను. వెలుగు దాచాలని నాకు తోచలేదు.

“ఎన్ని తూర్లు కక్కినాడు?”

“రెండు.”

ఆమె వాడి మాడు మీద అరచెయ్యి పెట్టి చూసి, చురుక్కుమన్నట్టు తీసేసుకుంది. నేనూ పెట్టి చూశాను. నెత్తిన మెత్తగా ఆడాల్సిన చోటు డోలు చర్మంలా బిగుసుకుని ఉంది.

అప్పుడిక నాకు ఏడుపు ఆగలేదు. అది విని పక్కింటి అవ్వ వచ్చింది. ఊళ్ళో పిల్లలకు మందూ మాకూ ఆమెదే. వాడి కనురెప్ప ఎత్తి చూసి తేల్చేసింది.

“గాలి సోకిందే బిడ్డకి. ఇనుము కాల్చండి. పొట్ట మింద నాలుగు వాతలు పెడితే లేసి కూసుంటాడు. ఏమ్మే, నీ పెద్దోనికి గూడా ఆ పొద్దు ఇట్లే కదా అయ్యింది? వాడూ ఇట్లే మగతగా...”

“నా ఇంట్లో ఇనుము కాల్చేది లేదు,” అంది అత్త. “నువ్వు పోక్కా.”

అవ్వ గొణుక్కుంటూ పోయింది. అత్త కుండలోంచి ఒక చెంబు నీళ్ళు తాగి, వచ్చిన దారినే మళ్ళీ చేనికి పోయింది. విత్తనం తీసుకోలేదు. నాకు అది వింతగా తోచింది. దిష్టి తీయడంలో ఆమె ఊరికంతటికీ పెద్ద. ఎర్రనీళ్ళు తిప్పలేదు, మిరపకాయలు కాల్చలేదు, ఇనుము వద్దంది. ఏం చేయబోతోంది?

కాసేపటికి వీధిలో మా ఆయన గొంతు.

“పదును ఆరిపోతాంటే బండి కట్టమంటావేం మా! ఆ మెట్టుబండ మింద పడనోడు ఎవుడుండాడు ఊర్లో? నేను పడలేదా?”

“బండి కట్టు.”

“సగం చేను అట్లే ఉండాది. గాలి సూడు ఎట్ల కొడతాందో. రేపు పొద్దున్నే పోదాం లే, నా మాట ఇను.”

“బండి కట్టు రా.”

ఆమె ఒక మాట రెండుసార్లు చెప్పడం ఆయనా ఎప్పుడూ వినలేదనుకుంటాను. ఎద్దులను తెచ్చి బండి కట్టాడు. నేను ఎక్కి కూర్చుంటుంటే మాత్రం నా వైపు చూసి, పళ్ళ మధ్య నుంచి అన్నాడు: “గడప కాడ బిడ్డను సూసుకునేకి చేతగాలేదు నీకు. ఈ పదును పోతే సూడు, నీకుంటాది.”

గడపకే ఇంత కోపమైతే, గవాచి అని తెలిస్తే?

ఆసుపత్రి ఉన్న ఊరు ఏడు మైళ్ళు. దారి పొడుగునా చేలల్లో గొర్రు వెనక గొర్రు. అందరి ముఖాలూ వెలుగుతున్నాయి. బండి మీద మా ముగ్గురిని చూసి “ఏమప్పా, పదునులో యాడికి?” అని అడుగుతున్నారు. మా ఆయన ఎద్దులను అదిలిస్తున్నాడు. నేను వాడి ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఊపిరి వేలికి తగిలితే ఒకటి, మళ్ళీ తగిలితే రెండు. అలా ఎక్కడిదాకా లెక్కపెట్టానో, తప్పి మళ్ళీ మొదలుపెట్టానో. నాలుగు మైళ్ళు పోయాక వంక అడ్డమొచ్చింది. ఏడాదంతా ఇసుకే ఉండే వంకలో ఆ రోజు మోకాలి లోతు ఎర్రనీళ్ళు. మధ్యలో చక్రం దిగబడింది. మా ఆయన ఎద్దులను బాదాడు. కదలలేదు. వాన పడ్డ మర్నాడు వజ్రాలేరుకునేందుకు వచ్చి, చేలల్లో తల వంచుకుని తిరిగే పరాయి ఊరివాళ్ళు ఇద్దరు ఉంటే, అత్త వాళ్ళను కేకేసింది. వాళ్ళు నీళ్ళలో దిగి భుజం పెట్టారు. బండి ఒక్క కుదుపుతో గట్టెక్కింది. ఆ కుదుపుకు బిడ్డ లేస్తాడనుకున్నాను. లేవలేదు.

ఆసుపత్రి వాకిట్లో మమ్మల్ని దించి మా ఆయన బండి తిప్పాడు. “చూపించుకోని బస్సుకు రాండి,” అని వాళ్ళ అమ్మతో అన్నాడు. పొద్దు గుంకేలోపు ఇంకో నాలుగు సాళ్ళయినా పడతాయని ఆయన ఆశ. తప్పు పట్టను. ఆయనకు తెలిసింది గడప.

డాక్టరు చిన్న వయసువాడు. మాట తీరు చూస్తే కోస్తా వైపు మనిషి. గదిలో నిలబడటానికి చోటు లేనంత జనం. వాడి తల పట్టి చూసి అడిగాడు.

“ఎక్కడి నుంచి పడ్డాడమ్మా?”

“గడప మింద నుంచి సామీ.”

“గడప ఎంతెత్తు?”

జానెడు చూపించాను. అప్పుడే బిడ్డ కాస్త కదిలి, కళ్ళు తెరిచి మూశాడు. ఆ తెరవడమే మాకు చేటయింది.

“భయం లేదు. దెబ్బ తగిలి వాచింది. ఇంత ఎండలో బండి మీద తెచ్చారు, అందుకే వాంతులు, మగత. మందు రాసిస్తాను, ఇంటికి తీసుకెళ్ళండి. రేపటికీ ఇలాగే ఉంటే మళ్ళీ రండి.”

చీటీ రాస్తున్నాడు. కలం చప్పుడు వినిపిస్తోంది. ఇంటికి. రేపటికి. నాకు చెప్పాలని ఉంది. నిజంగా ఉంది. కానీ డాక్టరే భయం లేదన్నాడు కదా, చదువుకున్నవాడు కదా, ఇంకా నేనెందుకు చెప్పాలి అని లోపల ఏదో ఒకటి బతిమాలుతోంది. చీటీ అందుకోవడానికి చెయ్యి చాచాను.

మా అత్త అక్కడే, డాక్టరు బల్ల ముందు, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“లేవమ్మా. వెనక జనం ఉన్నారు,” అన్నాడు డాక్టరు.

“నేను లేసేది లేదు సామీ. ఆయమ్మిని ఇంగొగ తూరి అడుగు.”

“అడిగాను కదా, చెప్పింది కదా.”

“అడిగినావు. ఇంగొగ తూరి అడుగు.”

ఆమె నా వైపు చూడలేదు. బల్ల కాలు వైపు చూస్తోంది. డాక్టరు విసుగ్గా కలం కింద పెట్టి, నా ముఖంలోకి చూసి, అదే మాట మళ్ళీ అడిగాడు.

“ఎక్కడి నుంచి పడ్డాడమ్మా?”

“మిద్దె మింద నుంచి సామీ,” అన్నాను. “గవాచి లోంచి.”

“గవాచి అంటే?”

పాపం, ఆయనకు తెలియదు. నేను చెయ్యెత్తి ఆ గది కప్పు చూపించాను. “ఆడ్నించి ఈడికి,” అని నేల చూపించాను. డాక్టరు కప్పు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. చీటీ నా చేతిలోంచి లాక్కుని చించేశాడు. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి చెవి తిప్పి బ్యాటరీలైటు వేశాడు. “ఇక్కడ రక్తం వచ్చిందా?” అని అడిగితే “వచ్చింది, నేనే తుడిచినా,” అన్నాను. ఒకసారి నోరు తెరుచుకున్నాక అన్నీ చెప్పాను. ఏడవలేదని చెప్పాను, గోనె చెప్పాను, రాళ్ళు చెప్పాను. వెనక జనమంతా వింటున్నారు. విననీ అనిపించింది.

ఆయన కళ్ళల్లో లైటు వేశాడు, అరికాళ్ళు గీరాడు, ఒక సూది వేశాడు. తిట్టలేదు. “ఇక్కడే ఉండాలి. గంటకోసారి లేపి చూడండి. లేపితే కసురుకోవాలి, మూలగాలి. ఏమీ అనకపోతే ఆ క్షణమే నన్ను పిలవండి. ఒక కంటిపాప పెద్దదైనా పిలవండి. అప్పుడిక పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. అంత దూరం తట్టుకుంటాడో లేడో నేను చెప్పలేను,” అన్నాడు. గంటకోసారి తనే వచ్చి చూశాడు కూడా. రాత్రి రెండుసార్లు వాణ్ణి ఎంత కదిపినా పలకలేదు. అరికాలు గీరితే చాలాసేపటికి కాలు లాక్కున్నాడు. అత్త మంచానికి అటూ నేను ఇటూ.

తెల్లవారి, ఆయా వాకిలి ఊడుస్తుండగా, వాడు ఏడ్చాడు. గుక్కపట్టి, ముఖమంతా ఎర్రగా చేసుకుని, వార్డంతా లేచి తిట్టుకునేలా ఏడ్చాడు. పక్క మంచం ఆమె “నోరు మూయించమ్మా వాణ్ణి,” అంది. నేను నవ్వాను. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది.

నాలుగు రోజులు ఉంచి పంపారు. వాడికిప్పుడు మనవళ్ళున్నారు. ఎడమ చెవి వినబడదు. నేను ఏదైనా చెబితే తల తిప్పి కుడి చెవి నా వైపు పెడతాడు. అలా తిప్పిన ప్రతిసారీ నాకు ఆ నాలుగు రాళ్ళూ గుర్తొస్తాయి.

బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఏదో తేడాగా ఉంది. మెట్టుబండ లేదు. మా ఆయన దాన్ని గడ్డపారతో పెకలించి, వీధి చివరికి దొర్లించి, ఆ చోట మెత్తటి మట్టి పోసి చదును చేశాడు. ఇంటిముందు మెట్టు పీకడం అరిష్టమని ఊరంతా అన్నారట. “నా బిడ్డను పడేసిన బండ నా ఇంటికాడ ఉండేకి లేదు,” అన్నాడట. బిడ్డను ఎత్తుకుని మట్టి మీద నిలబెట్టి చూపించాడు. “సూడు, ఇంగ పడినా ఏం గాదు.” సగం చేను బీడుగానే పోయింది ఆ ఏడు. దాని గురించి నన్ను ఒక్క మాట అనలేదు. నేను నోరు తెరవబోయాను. అత్త వెనక నుంచి నా మోచెయ్యి పట్టి గట్టిగా నొక్కింది. ఆయన పోయేదాకా మెట్టుబండే తప్పు చేసిందనుకున్నాడు. ఇప్పటికీ ఆ ఇంటికి మెట్టు లేదు.

ఆ సాయంత్రం అత్త నన్ను మిద్దె మీదికి పిలిచింది. గవాచి నేను వదిలేసినట్టే తెరిచి ఉంది. ఇద్దరం చెరో వైపూ బండ పట్టి తోశాం. మూసుకున్నాక ఆమె దాని మీదే కూర్చుంది. నేను ఉండబట్టలేక అడిగేశాను.

“నీకు ముందే తెలుసు కదత్తా. డాక్టరుకు నువ్వే ఎందుకు చెప్పలేదు?”

“నేను చెప్తే నువ్వు కాదంటావు. ఆయప్ప ఎవురి మాట నమ్మల్ల? తల్లి నోట రావల్ల అది.”

కాసేపు బండ మీద మట్టిని చేత్తో తుడిచింది.

“నా పెద్దోనికి గాలి సోకలేదు మ్మే. అప్పుడు ఈడ పాత కుండ ఉన్నింది. దాన్ని పక్కన పెట్టి, సాప పరిచి చింతపండు ఆరబోసినా. వాడు చింతపండు కోసరం పాకినాడు. మా అత్త యాడ పడినాడని అడిగితే, ఉయ్యాల్లోంచి జారినాడన్నా. గాలి సోకిందని ఇనుము కాల్చినారు. కాళ్ళు నేనే పట్టుకోనుంటి. మూడో దినం పోయినాడు.”

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె కింద మా ఆయన చదును చేసిన మట్టి వైపు చూస్తోంది.

“ఆ మూడు దినాలూ ఇంటి నిండా జనమే. ఒగురన్నా ఇంగొగ తూరి అడిగింటే చెప్పుదును.”